ఒరేయ్ గోపీ, మా బుడ్డదాని బడి గోల విను

ఒరేయ్ గోపీ,

ముందే తిట్టకు. నీ వాయిస్ మెసేజులన్నీ విన్నాను, జవాబివ్వలేదు, నీ సర్టిఫికెట్ పుట్టినరోజుకి విషెస్ కూడా చెప్పలేదు (అసలు పుట్టినరోజు ఎప్పుడో మీ అమ్మకే తెలీదు కాబట్టి దానికి నా పూచీ లేదు). బళ్ళు తెరిచారంటే మా షాపు సంగతి నీకు తెలుసుగా, జిరాక్సులు, ఆధార్ ప్రింట్లు, టీసీ కాపీలు, మధ్యాహ్నం అన్నం కూడా కౌంటర్ మీదే. అమ్మకి మోకాళ్ళ నొప్పులు అలాగే ఉన్నాయి. పాత స్కూటర్ అమ్మేశాను, ఎంతకని అడక్కు. గొట్టం కాజా మీ మావయ్య మస్కట్ వచ్చేటప్పుడు పంపిస్తా. మన 'హెడ్ కానిస్టేబుల్' గాడి పెళ్ళి మళ్ళీ వాయిదా పడింది, కారణం నువ్వనుకున్నదే. అయిపోయాయి వార్తలు.

అసలు సంగతి వేరే ఉంది, అది చెప్పకపోతే నాకు కడుపు ఉబ్బిపోయేలా ఉంది. మా బుడ్డదాన్ని బళ్ళో వేశాం.

ఎక్కడ వెయ్యాలన్న దాని మీదే ఇంట్లో ఒక యుద్ధం అయింది. అమ్మేమో "మన వీధి చివర్నే సెంటర్ ఉందిరా, గుడ్డూ పాలూ ఇస్తారు, ఆ టీచరు నేను పని నేర్పించిన పిల్లే" అంటుంది, మా ఆవిడేమో "ఇంగ్లీషు మాటేంటి" అంటుంది. చివరికి ఇంగ్లీషే గెలిచింది. ఇన్నేళ్ళు అంగన్‌వాడీ చేసిన మనిషి మాట ఆవిడ సొంత ఇంట్లో చెల్లలేదు చూడు. 1975లో గాంధీ జయంతి రోజున దేశం మొత్తం మీద 33 చోట్ల మొదలైన స్కీము లక్షల సెంటర్లయింది, అందులో నాదొకటి అని ఆవిడకి ఇప్పటికీ గొప్పే. నీకు గుర్తుండే ఉంటుంది, ఆరేళ్ళ లోపు పిల్లలకని వండిన ఉప్మాకి నువ్వు ఆరో క్లాసులో కూడా గిన్నె పట్టుకుని తయారయ్యేవాడివి. పిల్లల్ని తూచే ఊయల త్రాసు కొక్కెం ఎలా విరిగిందో మాత్రం ఇంతవరకూ నేను నోరు విప్పలేదు, ఆవిడింకా గాలివాన అనే అనుకుంటోంది.

సరే. వేసింది భానుగుడి దాటాక ఒక అపార్ట్‌మెంట్ కింద ఫ్లోర్‌లో ఉన్న ప్లే స్కూల్‌లో. గోడ మీద ఏనుగు బొమ్మ, పక్కనే ఏనుగంత కుందేలు. నీలం రంగు బాల ఆధార్ అడిగారు, ఊరందరికీ తీసిచ్చేవాణ్ణి కదా, లామినేషన్ చేసి మరీ ఇచ్చాను. మా ఆవిడకి హాస్పిటల్లో మార్నింగ్ డ్యూటీ కాబట్టి దింపే పని నాది.

మొదటి రోజు ఆ గేటు దగ్గర సీను చూడాలిరా. ఒకడు గ్రిల్ పట్టుకుని వేలాడుతున్నాడు, ఒకత్తి వాళ్ళమ్మ చున్నీ పళ్ళతో పట్టుకుంది, ఇంకొకడు చెప్పులు విప్పి ఆయా మీదకి విసిరాడు. మాది మాత్రం నా చెయ్యి వదిలేసి, ఒక్కసారి వెనక్కి చూసి, లోపలికెళ్ళి కూర్చుంది. కన్నీటి చుక్క లేదు. పక్కనున్న తల్లులంతా "మీ పాప ఎంత బుద్ధిమంతురాలండీ" అంటుంటే నాకు చొక్కా గుండీలు తెగిపోయాయంటే నమ్ము. సాయంత్రం ఫోన్‌లో కనిపించినవాడికల్లా చెప్పాను, నీకే చెప్పలేదు, అదీ మంచిదే అయింది.

ఎందుకంటే కొన్నాళ్ళకి డైరీలో ఎర్ర సిరాతో రాసి పంపారు, వచ్చి కలవమని. వెళ్తే మిస్సు చాలా మెల్లిగా, ఏదో చావు కబురు చెప్పినట్టు, "సార్, మీ పాపకి మాటలు రావా?" అంది.

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. చేరిన రోజు నుంచీ ఒక్క ముక్క మాట్లాడలేదట. పేరడిగితే తలొంచుకుంటుందట, బాత్రూమ్‌కి కూడా వేలు చూపిస్తుందట, రైమ్స్ చెప్పేటప్పుడు అందరూ అరుస్తుంటే ఇది పెదాలు బిగించి కూర్చుంటుందట. "స్పీచ్ థెరపీకి చూపించండి సార్, లేట్ చెయ్యొద్దు." మా బుడ్డది! పొద్దున్న పాల ప్యాకెట్ అబ్బాయి దగ్గర మొదలుపెడితే రాత్రి నిద్రలో కూడా ఆపని మనిషి, నోట్లో నువ్వుగింజ నానదని అమ్మ తిట్టే మనిషి.

మా ఆవిడ ఆ రాత్రంతా ఏడ్చింది. నర్సే కదా, వార్డులో ఎంతమందిని చూసుంటుంది, తన పిల్ల అనేసరికి అవేవీ పనికిరాలేదు. పొద్దున్నే పిల్లల డాక్టర్ దగ్గరికి పరిగెత్తాం. ఆయన చెవులు చూశాడు, బొమ్మలిచ్చి ఆడించాడు, ఇంట్లో మాట్లాడుతుందా అని అడిగాడు. ఆపడమే కష్టమండీ అన్నాను. ఇంట్లో గలగలా మాట్లాడుతూ బళ్ళో మాత్రం నోరెత్తని పిల్లలుంటారట, దానికి సెలెక్టివ్ మ్యూటిజం అని పేరు కూడా ఉందట, అయితే బళ్ళో చేరిన మొదటి నెల అసలు లెక్కలోకే తీసుకోరట, ఆ తర్వాత కూడా అలాగే ఉంటే అప్పుడు ఆలోచిద్దాం, ఈలోగా మాట్లాడు మాట్లాడు అని దాని మీద పడకండి, ఇంట్లో ఎలా ఉంటుందో ఓ వీడియో తీసి స్కూలు వాళ్ళకి చూపించండి అన్నాడు.

ఇక్కణ్ణుంచి జాగ్రత్తగా చదువు.

రోజూ సాయంత్రం మా హాల్లో ఒక బడి నడుస్తుంది. దిళ్ళు నాలుగు వరసగా గోడకి ఆనిస్తుంది, వాటి పక్కన వాటర్ బాటిల్, మా అమ్మ మోకాలి పట్టీ, ఒక బీరకాయ, ఇవన్నీ స్టూడెంట్లు. ఇది పీట మీద కూర్చుంటుంది, చేతిలో అట్లకాడ, ముక్కు మీద మా నాన్న కళ్ళజోడు. నేను వంటింటి గుమ్మం వెనక నక్కి ఫోన్ పట్టుకున్నాను.

మొదట "గుడ్ మాణింగ్ చిల్డెన్" అంది, అచ్చం మిస్సు గొంతు, ఆ సాగదీత కూడా. రైమ్ మొత్తం చెప్పింది, యాక్షన్లతో సహా. నాకు పట్టరాని సంతోషం. తర్వాత లేచి, కొంగు లేకపోయినా దోపుకుని, గొంతు మార్చింది. ఆయా వచ్చిందన్నమాట. చిన్న దిండు దగ్గరికెళ్ళి వంగి, అట్లకాడ చూపించి, "ఏయ్, నోరు ముయ్యి. నోరు తెరిచావంటే మీ మమ్మీ రాదు. రాదంటే రాదు. ఇక్కడే పడుకోవాలి" అంది. ఆ దిండుకి వేలు తీసి మూతి మీద పెట్టినట్టు సర్దింది కూడా. ఆ తర్వాత తనే పీట దిగి ఆ దిండు పక్కన చేరి, తన మూతి మీద తన వేలు పెట్టుకుని, కళ్ళజోడులోంచి గుమ్మం కేసి చూస్తూ కూర్చుంది.

నాకు ఫోన్ పట్టుకున్న చెయ్యి ఆడలేదురా.

అంటే ఆ చెప్పులు విసిరినవాణ్ణో ఎవణ్ణో ఊరుకోబెట్టడానికి ఆయా మొదటి రోజు ఒక మాట అనుంటుంది, వాడు విన్నాడో లేదో, మా పిల్ల విన్నది. రోజూ వాళ్ళమ్మ రావాలని ఇది... సర్లే, అది రాయలేను.

అమ్మ వీడియో చూసి ముందు ఏమీ అనలేదు. తర్వాత చెప్పింది, ఎంత గోల చేసినా మీ అమ్మ రాదు అనే మాట మాత్రం తన సెంటర్లో ఎవర్నీ అననిచ్చేది కాదట. అమ్మ నాట్లకెళ్ళింది, అన్నం వేళకి వస్తాది, పొయ్యి మీద అన్నం చూడు ఉడుకుతోంది, అలా చెప్పేదట. చిన్న పిల్లలకి గంటలు తెలీవు, అన్నం ఉడకడం తెలుస్తుంది అంది. కొత్తలో తల్లినే తెచ్చి మూల కూర్చోబెట్టి బియ్యం ఏరించేదట, ఆ బియ్యం అయ్యేసరికి పిల్ల ఆటల్లో పడేదట. ఫీజు కట్టి ఎక్కడికో పంపాం, నేర్చుకోవాల్సింది ఇంట్లోనే ఉంది అనిపించింది, మా ఆవిడతో మాత్రం అనలేదు, నాకూ ప్రాణం తీపే.

మర్నాడు వీడియో పట్టుకుని వెళ్ళాం. మిస్సు ఉంది, పెద్ద మేడమ్ ఉంది, టీ తెచ్చిన ఆయా కూడా గుమ్మంలో ఉంది. గుడ్ మాణింగ్ దగ్గర మిస్సు మొహం వెలిగిపోయింది, "సేమ్ నాలాగే!" అని చప్పట్లు కొట్టింది. మమ్మీ రాదు దగ్గర ఎవరూ మాట్లాడలేదు. నేను వీడియో ఆపబోయాను, పెద్ద మేడమ్ ఉండనివ్వండి అంది. నాకేం తెలుసురా ఇంకా ఉందని, తీసేటప్పుడు ఆ దిండు దగ్గరే నా బుర్ర ఆగిపోయింది, తర్వాత కూడా పూర్తిగా చూళ్ళేదు. వీడియోలో మా బుడ్డది మళ్ళీ పీటెక్కి, బీరకాయని చెవి దగ్గర పెట్టుకుని కిలకిలా నవ్వుతూ ఏదో మాట్లాడి, గబుక్కున దాన్ని కింద దాచేసి, ఆయా గొంతుతో "మిస్సూ, ఫోన్ లోపలెట్టెయ్, పెద్ద మేడమ్ వస్తంది" అంది.

ఆ గదిలో ఫ్యాన్ చప్పుడు తప్ప ఇంకేం లేదు. మిస్సు టేబుల్ మీదున్న తన ఫోన్‌ని మెల్లిగా బ్యాగులోకి జరిపింది. పెద్ద మేడమ్ దగ్గబోయి నవ్వేసింది, పొరబోయింది, ఆయా పరిగెత్తి మంచినీళ్ళు తెచ్చింది.

ఆయా మీద నాకు కోపం రాలేదు, నిజంగా. అంతమంది పిల్లలకి ముక్కులు తుడవడం దగ్గర్నుంచి ఆవిడొక్కత్తే, జీతం ఎంతో అడగాలంటే సిగ్గేసింది. అయినా మనం మాత్రం తక్కువా, బూచాడికిచ్చేస్తా అనకుండా ఏ ఇంట్లో అన్నం తినిపిస్తున్నారు చెప్పు. ఆవిడే ఇంటికెళ్ళే ముందు మా దాని దగ్గర కూలబడి, "మాట్లాడినా మమ్మీ వస్తాదమ్మా, ఏడిసినా వస్తాది, నేనే అబద్ధం ఆడేను" అని చెప్పింది. ఇది విని తలూపింది, అంతే. ఆ రోజూ మాట్లాడలేదు, ఆ మర్నాడూ లేదు. మేం అడగలేదు, డాక్టరు చెప్పాడుగా.

తర్వాత ఒకరోజు నేను షాపులో ఉండగా మిస్సు ఫోన్, మాట్లాడిందండీ అని అరుస్తోంది. ఏమందండీ అంటే చెప్పదే! చాలాసేపు నసిగి, చివరికి చెప్పింది. క్లాసు నడుస్తుంటే మిస్సు ఫోన్ మోగిందట, తీసేలోపే మా బుడ్డది నిలబడి, "మిస్, ఫోన్ లోపలెట్టెయ్" అందట.

మా అమ్మ ఇప్పటికీ తలుచుకున్నప్పుడల్లా మోకాళ్ళ నొప్పి కూడా మర్చిపోయి నవ్వుతోంది. వీడియో నీకు పంపను, అందులో నేను గుమ్మం వెనక లుంగీలో ఉన్నానని అద్దంలో కనిపిస్తోంది, నువ్వది గ్రూపులో పెడతావు.

మీ వాడికి మొన్న మూడు నిండాయన్నావు కదా, చెల్లెమ్మ స్కూళ్ళు చూస్తోందా? ఒకటో క్లాసుకి ఆరేళ్ళు నిండాలని 2020 జాతీయ విద్యా పాలసీలోనే ఉంది కాబట్టి తొందరేం లేదు, మీ నాన్నలా డేట్ మార్చే ప్లాన్లు వెయ్యకు. ఇంకో సంగతి, ఆ పేరెంట్స్ వాట్సాప్ గ్రూప్ గురించి చెప్పాలి, రెడ్ కలర్ డే రోజు ఒకాయన వాళ్ళబ్బాయికి... ఉండు, ఎవరో పట్టా పుస్తకం రెండు వైపులా పది కాపీలంటున్నాడు, వెనకాల ఇంకో నలుగురున్నారు, కరెంటు కూడా పోయేలా ఉంది. రాత్రికి ఫోన్ చేస్తా, ఎత్తు.

నీ
జిరాక్స్ గాడు