మా హుండీ డబ్బు హైతీ బడికి చేరనివ్వండి

కేంద్ర ఆర్థిక మంత్రి శ్రీమతి నిర్మలా సీతారామన్ గారికి నమస్కారం.

మీకు తెలుగు వచ్చు, హైదరాబాదూ తెలుసు. మంత్రి కాకముందు ఇక్కడ 'ప్రణవ' అనే బడి పెట్టినవాళ్లలో మీరూ ఒకరు. ఆ చనువుతోనే తెలుగులో రాస్తున్నాను. నగరంలోని ఒక చిన్న చర్చి ట్రస్టుకి నేను కోశాధికారిని. మా సండే స్కూలు పిల్లలూ వాళ్ల అమ్మానాన్నలూ కలిసి కరీబియన్ దీవుల్లోని హైతీ దేశంలో ఒక మిషన్ బడి పిల్లలకు ఫీజులు కట్టాలనుకున్నారు. డబ్బు పోగైంది. పంపడమే తలనొప్పిగా ఉంది.

హైతీ సంగతి మీకు నేను చెప్పేదేముంది గానీ, ఈ లేఖ చదివే మిగతావాళ్ల కోసం నాలుగు మాటలు. 2010 జనవరి 12 నాటి భూకంపం రాజధాని పోర్ట్-ఓ-ప్రిన్స్‌ని కుప్పకూల్చింది. 2021 జులైలో అధ్యక్షుడు జొవెనెల్ మొయీజ్‌ని ఆయన ఇంట్లోనే కాల్చి చంపారు. ఆపైన రాజధానిలో చాలా భాగం ముఠాల చేతుల్లోకి పోయింది. 2024 నవంబరులో విమానాల మీదే తూటాలు పడితే విమానాశ్రయం మూసేశారు. పది లక్షల మందికి పైగా ఇల్లూ వాకిలీ వదిలేశారు. వాళ్లలో ఎందరో తలదాచుకున్నది బడుల్లోనే. తరగతి గదిలో సంసారాలుంటే పాఠం ఎక్కడ చెప్తారు?

అక్కడ సర్కారు బడులు తక్కువ. ఎక్కువ బడులు ప్రైవేటువే, వాటిలో చాలావరకు చర్చిలూ మిషన్లూ నడిపేవే. ప్రైవేటు అనగానే మన కార్పొరేట్ స్కూళ్లు గుర్తొస్తాయేమో, అలాంటివేం కావు. పిల్లల ఫీజు వస్తేనే టీచరుకు జీతం. ఫీజు కట్టలేక పిల్ల మానేస్తుంది, నలుగురు మానేస్తే టీచరు ఇంకో పని చూసుకుంటాడు. అందుకే మిషన్లు ముందు ఫీజు కడతాయి, తర్వాత మధ్యాహ్నం బీన్స్ వేసి వండిన అన్నం ఇంత పెడతాయి. ఆ పళ్లెం కోసమే బడికొచ్చే పిల్లలుంటారు. మధ్యాహ్న భోజనం మహిమ మనకెవరూ చెప్పక్కర్లేదు.

మత మార్పిడి కోసమా అని కొందరు అడగనే అడిగారు. అయ్యా, హైతీ జనంలో అత్యధికులు ఎప్పటినుంచో క్రైస్తవులే. మేం వెళ్లి మార్చేదేమీ లేదు.

ఇక చిక్కు దగ్గరికి వస్తాను. బ్యాంకుకు వెళ్తే మొదట అడిగింది ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్, ఉందా అని. అది బయటి నుంచి వచ్చే విరాళాలకండీ, ఇక్కడి నుంచి వెళ్లేవాటికి కాదు అని చెప్పేసరికి చాలా సేపు పట్టింది. లిబరలైజ్డ్ రెమిటెన్స్ స్కీమ్ కింద ఒక వ్యక్తి ఏడాదికి 2,50,000 డాలర్ల దాకా, అంటే రెండు కోట్ల రూపాయలకు పైనే, బయటికి పంపొచ్చు. విరాళమూ అందులో చెల్లుతుంది. కానీ ఆ పథకం వ్యక్తులకే, ట్రస్టులకు వర్తించదు. 'మీ సొంత ఖాతాలో వేసుకుని మీరే పంపేయండి సార్' అని ఒకాయన సలహా ఇచ్చాడు. చర్చి హుండీ డబ్బు నా ఖాతాలోకి మళ్లిస్తే రేపు సంఘంలో తలెత్తుకుని తిరగగలనా?

రెండోది ఆదాయపు పన్ను. ట్రస్టు డబ్బు దేశం బయట ఖర్చయితే దానికి మినహాయింపు రాదు. భారతదేశానికి ఆసక్తి ఉన్న అంతర్జాతీయ సంక్షేమం కోసమైతే, ప్రత్యక్ష పన్నుల బోర్డు సాధారణ ఉత్తర్వుగానో ప్రత్యేక ఉత్తర్వుగానో అనుమతి ఇస్తేనే వస్తుంది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ 11(1)(సి)గా ఉన్న నియమం అదే. పిల్లల ఫీజుల కోసం ప్రత్యేక ఉత్తర్వు తెచ్చుకునే స్తోమత పెద్ద సంస్థలకుంటుంది, మాలాంటివాళ్లకు సీఏ ఫీజే ఆ డబ్బుకు మించిపోతుంది.

హైతీ సంక్షేమం మీద మన దేశానికి ఆసక్తి ఉందా అంటే, భూకంపం అప్పుడు 50 లక్షల డాలర్లు ఇచ్చాం. ఐక్యరాజ్యసమితి తరఫున మన పోలీసు దళాలు అక్కడ పనిచేశాయి. మదర్ థెరిసా సిస్టర్లు దశాబ్దాలుగా అక్కడ సేవ చేస్తున్నారు. 2024 మార్చిలో 12 మంది భారతీయుల్ని అక్కడి నుంచి బయటికి తెచ్చినప్పుడు ఆ పనికి మన గోదావరిలో కలిసే ఇంద్రావతి పేరే పెట్టారు.

ఇక్కడ పేదపిల్లలు లేరా అన్నది న్యాయమైన ప్రశ్నే. ఉన్నారు, మా ట్రస్టు ఖర్చులో సింహభాగం బస్తీ పిల్లలకే. అయినా 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు తమ ఊళ్లో పేదరికం తీరాకే బయటికి పంపుదాం అనుకుని ఉంటే, నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కి మిషనరీలు వచ్చేవారే కారు. అలా వచ్చిన అజరయ్య గారే 1912లో మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అయ్యారు. ఆయన కాలంలో పెట్టిన బడుల్లో చదువుకున్న తెలుగు కుటుంబాలు నేటికీ ఉన్నాయి.

డబ్బు ముఠాల పాలవుతుందన్న భయం మాకూ ఉంది. కాబట్టి తలుపులు బార్లా తీయమని అడగడం లేదు. బోర్డు ఒక సాధారణ ఉత్తర్వు ఇస్తే చాలు, చట్టం సవరించే పనే లేదు. మన ప్రభుత్వమే సాయం చేసిన దేశాలకు, పిల్లల ఫీజు, పుస్తకాలు, భోజనం వరకే, ఏడాదికి ఇంత మొత్తమని పరిమితి పెట్టి అనుమతించండి. బ్యాంకు నుంచి నేరుగా బడి ఖాతాకే వెళ్లాలనండి. ఏటా రశీదులతో లెక్క అప్పజెప్పమనండి. ఆ పరిమితి వరకు ట్రస్టులకూ విదేశీ చెల్లింపు వీలయ్యేలా రిజర్వ్ బ్యాంకుకు ఒక మాట చెప్పండి.

ఈమధ్య అక్కడ బడులు అక్టోబరు మొదట్లో తెరుస్తున్నారు, ఫీజులు ఆలోపే కట్టాలి. ముసాయిదా పెట్టి అభిప్రాయాలు అడిగితే, ఆడిట్ అయిన లెక్కలు జతచేసి మొదట రాసేది మేమే.

ఇట్లు,
ఒక చర్చి ట్రస్టు కోశాధికారి,
హైదరాబాద్