ఆ చిన్న ప్రకంపనలు పెద్దదాన్ని ఆపవు

సంపాదకుల వారికి నమస్కారం.

2024 డిసెంబరులో మా ముండ్లమూరు, తాళ్లూరు మండలాల్లో వరసగా మూడు రోజులు భూమి కంపించింది. వాటిలో పెద్దదాని తీవ్రత 3 దరిదాపుల్లో. అప్పట్నుంచీ దర్శిలో నేను టీ తాగే కొట్టు దగ్గర ఒకటే మాట: "చిన్నచిన్నయి వచ్చి పోతుంటే మంచిదే మాస్టారూ, లోపల ఒత్తిడి దిగిపోద్ది." ముప్పయ్యేళ్లు ఫిజిక్స్ చెప్పినవాణ్ణి, ఆ మాట విని ఊరుకోలేక రాస్తున్నాను.

భూకంప తరంగాలు మోసుకొచ్చే శక్తిని కొలవడానికి పద్ధతి ఉంది. నేల ఎంత వేగంతో ఊగిందో పరికరం క్షణక్షణం నమోదు చేస్తుంది. ఆ వేగాన్ని వర్గం చేసి, ఊగినంతసేపూ కూడి, దారిలో రాళ్లు మింగేసిన భాగాన్ని తిరిగి కలుపుతారు. భూమి లోపలి పగులు ఒరుసుకున్నప్పుడు పుట్టే వేడి, రాయి నలగడానికి అయిన ఖర్చు ఇందులోకి రావు. ఇంత శ్రమ లేకుండా, తీవ్రత అంకెతోనే ఉజ్జాయింపుగా తేల్చే గుటెన్‌బర్గ్–రిక్టర్ సూత్రం కూడా ఉంది. తీవ్రతను 1.5తో హెచ్చించి 4.8 కలపాలి. వచ్చినది 10కి ఘాతం, జవాబు శక్తి కొలమానమైన జౌళ్లలో.

తీవ్రత 3కి వేసి చూశాను. కరెంటు బిల్లు భాషలో దాదాపు 550 యూనిట్లు. మా ఇంట్లో మూడు నెలల వాడకం, అంతే.

1967 మార్చి 27న ఒంగోలు భూకంపం తీవ్రత 5.4. అప్పుడు నేను నాలుగో తరగతి. మా పెంకుటింటి అటక మీది ఇత్తడి బిందెలు దొర్లి పడ్డాయి. నాయనమ్మ నన్ను రెక్క పట్టుకుని వీధిలోకి లాగింది. ఆ తరంగాల శక్తి సుమారు 22 లక్షల యూనిట్లు! అంటే 3 తీవ్రత ప్రకంపనలు 4,000 వస్తేగాని ఆ ఒక్కదానికి సరితూగవు. రోజుకొకటి చొప్పున వచ్చినా పదకొండేళ్లు. మూడు రోజుల్లో మూడో నాలుగో వస్తే దిగిపోయే ఒత్తిడి ఏపాటిది?

అంకె ఒకటి పెరిగితే శక్తి సుమారు 32 రెట్లు, రెండు పెరిగితే 1,000 రెట్లు. 5.4 అంటే 3కి రెట్టింపు కూడా కాదు కదా అని చదివేవాళ్లు అనుకుంటున్నారు. వాళ్ల తప్పు కాదు, ఎవరూ చెప్పలేదు.

అయ్యా, ఇకమీద ప్రకంపనల వార్త వేసినప్పుడు తీవ్రత పక్కనే శక్తి ఎన్ని యూనిట్లో ఒక్క వాక్యం వేయండి. లెక్క కావాలంటే నేను కట్టి పంపుతాను. మట్టి అడుసుతో కట్టిన గోడల కింద పడుకునేవాళ్లు మా మండలాల్లో ఇంకా ఉన్నారు.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, దర్శి, ప్రకాశం జిల్లా