టీచరమ్మగారి పెరట్లో మడులు, మీ ఆర్డర్ల ఆలస్యం

మా నర్సరీకి వచ్చేవాళ్లు ఈమధ్య ఎక్కువగా అడుగుతున్న ప్రశ్న: ‘పొద్దున్నే మీరు ఎక్కడికి మాయమైపోతున్నారు?’ దూరమేమీ కాదు. తిరుచానూరు రోడ్డులో మా నర్సరీని ఆనుకొని ఉన్న ఇంట్లో, రిటైరైన టీచరమ్మగారి పెరట్లో ఉంటున్నాను. దసరా వెళ్లాక మొదలుపెట్టిన మడుల పని ధనుర్మాసం సగానికి వచ్చినా పూర్తి కాలేదు. మీ ఇళ్లలోనూ మడులు వేయమని దీపావళికి ముందే అడ్వాన్సు ఇచ్చిన మీలో కొందరు ‘పక్కింటికైతే పరుగెత్తుకెళ్తారు’ అని నిష్ఠూరమాడారు. అందుకే ఈ వివరం.

ముందు డబ్బు సంగతి. ఎరువుకు, మట్టికి, కూలీలకు అయినంత ఆవిడ దగ్గర తీసుకుంటున్నాను. నా పనికి తీసుకోవడం లేదు. మా బోరు ఎండిపోయిన వేసవిలో ఆవిడ గోడ మీదుగా పైపు వేసుకోనిచ్చి నారంతా బతికించారు, ఆ లెక్క వేరు. కాబట్టి ‘టీచరమ్మగారి రేటుకే మాకూ చేయండి’ అంటే కుదరదు.

ఇక ఆలస్యం. పద్యాల్లో శరత్తు అంటే వెన్నెల, తేట నీళ్లు. మనకు మాత్రం బంగాళాఖాతంలో వాయుగుండం. తిరుపతిలో ఏడాది మొత్తం కురిసే వానలో పెద్ద వాటా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలతోనే వస్తుంది. 2021 నవంబరు వానలు చూసినవాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు. తడిసి ముద్దయిన నేలలో పార దించితే, దాని మీద తిరిగితే, ఎండాక పెళ్లలు కడుతుంది, వేరు దిగదు. మట్టిని పిడికిట్లో నొక్కి వదిలితే పొడిగా రాలే రోజునే తవ్వాలి. అలాంటి రోజులు కార్తీకంలో దొరికేదే తక్కువ. వాటిలో కొన్ని అమ్మవారి బ్రహ్మోత్సవాల్లో పోయాయి. ఉత్సవాల చివరి రోజు, పంచమి తీర్థం నాడు, జనం రద్దీకి మా రోడ్డులో ఎరువు ట్రాక్టరు కాదు కదా, సైకిలు కూడా కదలదు.

ఆ పెరడు పైకి చూస్తే మంచి ఎర్రమట్టి. గడ్డపార దించితే ఇల్లు కట్టినప్పుడు మిగిలిన కంకర, సిమెంటు పెళ్లలు, సున్నం. సిమెంటు కలిసిన మట్టిలో మొక్కకు ఇనుము సరిగా అందదు. లేత ఆకులు పసుపు పచ్చగా మారి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. దానికి ఎన్ని మందులు పోసినా దండగ, ఆ చెత్త ఎత్తిపోయాల్సిందే. దాని కింద తుంగ. తుంగను పైన కోస్తే మళ్లీ వస్తుంది, యంత్రంతో దున్నితే గడ్డలు తెగి మరింత పాకుతుంది. ఒక గడ్డ పట్టుకుని లాగితే సన్నటి నల్ల వేరుకు పూసలు గుచ్చినట్టు ఇంకో నాలుగు వస్తాయి. వేసవి అయితే తిరగేసి ఎండబెట్టేవాళ్లం. ఈ మబ్బుల్లో అది కుదరదు గనుక మట్టి జల్లెడ పట్టి చేత్తో ఏరుతున్నాం. మీ బిల్లులో ‘నేల శుభ్రం’ అని రాసేది ఈ పనికే. దానికి ఎందుకంత అని అడిగేవాళ్లను వచ్చి ఒక పూట ఏరమంటాను.

మడి ఎత్తు గురించి కూడా ఒక మాట. ఫోన్లో వీడియోలు చూసి నడుమెత్తు ఇటుక తొట్లు కట్టమంటున్నారు. కడతాను, కానీ నా సలహా అది కాదు. ఈ వానలకు మడి ఎత్తుగా ఉండాలి, లేకపోతే నారు కుళ్లిపోతుంది. అదే మడి ఏప్రిల్లో ఎత్తుగా ఉంటే పోసిన నీళ్లు పూటకే ఆరిపోతాయి. అందుకే టీచరమ్మగారికి నాలుగడుగుల వెడల్పుతో, జానెడు ఎత్తులోనే వేస్తున్నాం. రెండు పక్కల నుంచీ చెయ్యి మధ్యకు అందుతుంది. మట్టిలో బాగా మాగిన పశువుల ఎరువు, కొంచెం వేపపిండి కలిపి అడుగు ఎత్తున పోస్తే రెండు వానలకు జానెడుకు దిగుతుంది. అలా దిగాకే నాటాలి. ఎండలు ముదిరాక చుట్టూ గట్టు లేపి అదే మడిని పళ్లెంలా మార్చుకోవచ్చు. వేరుశనగ పొట్టు అప్పుడు మందంగా పరుద్దాం. ఇప్పుడు పరిస్తే దాని కింద నత్తలు కాపురం పెడతాయి.

గేటు పక్క మడిలో చామంతులు కావాలని ఆవిడ పట్టుబట్టారు. అక్కడ వీధి దీపం ఉంది, పూయవమ్మా అన్నాను. ‘చూద్దాం నాయనా’ అన్నారు. ఒకే రోజు, ఒకే తట్టలోని మొక్కలను గేటు దగ్గర కొన్ని, ఇంటి వెనక కొన్ని పెట్టాం. వెనకవి విచ్చుకున్నాయి. గేటు పక్కవి నవనవలాడుతూ ఆకులు వేస్తున్నాయే గాని మొగ్గ ఊసు లేదు. చామంతి పూయాలంటే పొడవైన చీకటి రాత్రులు కావాలి. కర్ణాటకలో రైతులు పూత వెనక్కి జరపడానికి తోటల్లో బల్బులు పెట్టేది ఇందుకే. గేటు పక్క మొక్కలను వేరుమట్టితో లేపి వెనక్కి మార్చి, అక్కడ తోటకూర చల్లాం. చిక్కుడు విషయంలోనూ అంతే. పందిరి చిక్కుడు గింజ ఆషాఢ శ్రావణాల్లో పడాలి, కార్తీకంలో పెడితే తీగ సాగకముందే నాలుగు పూలు పూసి ఊరుకుంటుంది. ‘రథసప్తమికి రథం చేయడానికి నాలుగు కాయలే కావాలి, పెట్టు’ అన్నారు. పెట్టాను.

మీ ఆర్డర్లు సంక్రాంతి తర్వాత, అడ్వాన్సు ఇచ్చిన వరుసలోనే మొదలవుతాయి. అంతవరకు ఆగలేనివారు అడ్వాన్సు వెనక్కి తీసుకోవచ్చు, మొహమాటం వద్దు. కొత్త ఆర్డర్లు రథసప్తమి దాకా రాసుకోను. వంగ, టమోటా, మిరప నారు నర్సరీలో సిద్ధంగా ఉంది, ఉదయం పది దాటాక రండి. మడులు చూడాలనుకునేవాళ్లను ఆదివారం సాయంత్రం రమ్మన్నారు టీచరమ్మగారు. గేటు తీయగానే కుడి పక్కన కొత్తిమీర ఇప్పుడే మొలిచింది, చూసుకుని అడుగు వేయండి.