పెట్టె మీద ఏ పేరు?

చెన్నై,
ఆదివారం రాత్రి

బుజ్జమ్మా,

మొన్న ఫోన్లో నువ్వన్న మాట ఇంకా నా చెవిలోనే ఉంది. "కంపెనీ ఆయన పేరు మీద పెడుతున్నాం అమ్మా, ఆయన సిబిల్ స్కోర్ బావుంది, లోన్ తొందరగా వస్తుంది. ఎవరి పేరైతే ఏంటి, ఇద్దరం ఒకటేగా" అన్నావు. నేను కుక్కర్ విజిల్ వస్తోందని చెప్పి పెట్టేశాను. నిజానికి పొయ్యి మీద ఏమీ లేదు. ఆ మాట అచ్చంగా నేనన్నదే. 1996లో చూళై ఇంట్లో మీ నాన్న రిజిస్ట్రేషన్ ఫారం నింపుతూ "ఓనర్ అన్న చోట ఎవరి పేరు రాయను?" అని అడిగితే, బియ్యం ఏరుకుంటూ నేను "ఎవరి పేరైతే ఏంటండీ, మనిద్దరం ఒకటేగా" అన్నాను.

నువ్వు ఉద్యోగం మానేస్తానంటే నాకు భయం వేయలేదు. రెండేళ్ళుగా శని, ఆదివారాలు మీ అపార్ట్‌మెంట్ వాళ్ళకి రాగి లడ్డూలు, రాగి బిస్కెట్లు చేసి అమ్ముతున్నావు. ప్రతి ప్యాకెట్‌కీ లెక్క రాసుకుంటున్నావు. మిగిలిపోయినవి ఎందుకు మిగిలాయో కూడా రాసుకుంటావు చూడు, అది చూశాకే నువ్వు చేయగలవని నాకు నమ్మకం కుదిరింది. నా భయమంతా ఆ పేరు దగ్గరే. ఫోన్లో అయితే మధ్యలో "కాలం మారిందమ్మా" అంటావు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

మన వ్యాపారం ఎలా మొదలైందో నీకు కొంతే తెలుసు. నేను గూడూరు నుంచి పెళ్ళి చేసుకుని మద్రాసు వచ్చింది 1991లో. ఇంట్లో కూర్చుని స్వీటు పెట్టెలు మడిచేదాన్ని. నూరు మడిస్తే నాలుగు రూపాయలు. అట్ట అంచు కోసి వేళ్ళ నిండా గాట్లు పడేవి, రాత్రి అన్నంలో పులుసు కలిపితే చుర్రుమనేది. గోళ్ళ కింద గమ్ము గట్టిపడిపోయేది. నువ్వు అట్టల కట్టల మీదే నిద్రపోయేదానివి. ఐదేళ్ళకి నేనే అట్ట కొని, దాన్ని పెట్టె ఆకారంలో కోసే పంచింగ్ పని బయట చేయించుకుని, స్వీటు షాపులకి నేరుగా వేయడం మొదలుపెట్టాను. మీ నాన్న ఆఫీసు నుంచి వచ్చాక బిల్లులు రాసేవారు, అంతే. ఆయన మంచివారు, నన్ను ఏనాడూ తక్కువ చేయలేదు. ఆ సంగతి ముందే చెబుతున్నాను, ఎందుకంటే ఇది చెడ్డ మొగుడి కథ కాదు. మంచి మొగుడు ఉన్న ఇంట్లోనే ఈ తప్పు ఎక్కువగా జరుగుతుంది. అనుమానం ఉంటే కదా కాగితం అడిగేది!

అట్ట కొనడానికి మద్రాసులోనే ప్యారిస్ కార్నర్ దగ్గర అండర్సన్ వీధికి వెళ్ళేదాన్ని. కాగితం వ్యాపారమంతా అక్కడే కదా. డూప్లెక్స్ అట్టని బొటనవేలితో తడిమితే అది 300 జీఎస్ఎమ్మో 280 ఇచ్చి 300 అంటున్నాడో చెప్పేసేదాన్ని. జీఎస్ఎమ్ అంటే చదరపు మీటరు అట్ట ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క. అయినా కౌంటర్ మీద కుర్రాడు నా తల మీదుగా వెనక్కి చూసి, "సార్ ఇల్లియామా?" అనేవాడు, సారు లేరా అని. ధర నాతో మాట్లాడేవాడు, బిల్లు మాత్రం సారు పేరున కొట్టేవాడు. నాకది తప్పనిపించలేదు. నిజంగానే అన్ని కాగితాల్లోనూ సారే ఉన్నారు. లైసెన్సు, సేల్స్ టాక్స్, కరెంట్ అకౌంట్, షెడ్డు అద్దె ఒప్పందం అన్నీ ఆయనవే. ఆదాయపు పన్ను కట్టేదీ ఆయనే. నాకు పాన్ కార్డు కూడా లేదు. పదహారేళ్ళు పద్నాలుగు మందికి జీతాలిచ్చాను. ఎక్కడ ఏ ఫారం నింపినా వృత్తి అన్న చోట "గృహిణి" అని రాశాను.

2012 ఆగస్టులో ఆయన పోయారు. నువ్వు అప్పుడు ఇంజనీరింగ్ రెండో ఏడు. నువ్వు ఏడ్చావు, నేను ఏడ్చాను, అదంతా నీకు గుర్తే. నీకు చెప్పనిది పదమూడో రోజు తర్వాతి సంగతి. సొంత ప్రొప్రైటర్‌షిప్‌కి మనిషి వేరు, వ్యాపారం వేరు అని ఉండదట. ఆయనతోపాటే వ్యాపారమూ కాగితం మీద చచ్చిపోయింది. అకౌంట్లో మూడు లక్షల పైచిలుకు ఉంది, నామినీ పేరు రాయలేదు. బ్యాంకు వాళ్ళు ఆపేశారు. షాపులవాళ్ళు ఇచ్చిన చెక్కులు ఆయన ఫర్మ్ పేరున ఉన్నాయి, వేయడానికి అకౌంటే లేదు. టాక్స్ నంబరు మళ్ళీ కొత్తగా తీసుకోమన్నారు. వారసుల సర్టిఫికెట్ కోసం కాలు కాలిన పిల్లిలా తిరిగాను. ముందు మూడు నెలల్లో దీపావళి. మన ఏడాది సంపాదనలో సగం ఆ నెలన్నరలోదే. నేను పెంచిన వ్యాపారానికి, బ్యాంకు దృష్టిలో నేను చనిపోయిన ఓనరు భార్యని. అంతకు మించి ఏమీ కాను.

ఆ సీజన్ నన్ను నిలబెట్టింది అండర్సన్ వీధి సేటే. ఫోన్ చేసి రెండు టన్నుల అట్ట అప్పు అడిగాను. ఆయన ఒక్క నిమిషం ఆగి, "ఇన్నేళ్ళూ నాతో బేరమాడింది మీరే కదమ్మా, సారు గొంతు నేను ఒకట్రెండుసార్లు విన్నానేమో" అని లారీ పంపించారు. ఆ మాటకి ఆ రాత్రి షెడ్డులో ఒక్కదాన్నే కూర్చుని చాలాసేపు ఏడ్చాను. నేనే నడిపానని తెలిసినవాడు ఒక్కడైనా ఉన్నాడు కదా అని. కానీ అది ఆ మనిషి మంచితనం. అలాంటివాళ్ళు దొరక్కపోతే?

తర్వాత అంతా నా పేరున మళ్ళీ మొదటి నుంచి పెట్టుకున్నాను. 2016లో సొంత పంచింగ్ మిషన్ కోసం ఎనిమిది లక్షల అప్పుకి వెళ్ళాను. ఒక బ్యాంకులో మేనేజరు ఫైలు తిప్పి, "మీ పేరున ఆస్తి ఏముంది?" అన్నాడు. లేదన్నాను. "మీకు అబ్బాయి లేడా?" అన్నాడు. చిన్న పరిశ్రమలకి పది లక్షల దాకా అప్పుకి తాకట్టు అడగకూడదని అప్పటికే రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. చిన్న వ్యాపారాలకి తాకట్టు లేకుండా అప్పులిచ్చే ముద్ర పథకం వచ్చి కూడా ఏడాది దాటింది. నాకు తెలియదు, అతను చెప్పలేదు. బయటికి వచ్చి నగలు కుదువ పెట్టాను. నీ పెళ్ళిలో నా చేతికున్నవి కవరింగ్ గాజులు, బుజ్జమ్మా. అసలువి లాకర్లో ఉన్నాయని నీకు అబద్ధం చెప్పాను. 2019లో విడిపించుకున్నాను. ఇప్పుడు బీరువాలో ఉన్నాయి, దిగులు పడకు.

"ఆస్తి ఏముంది" అన్న ప్రశ్న మాత్రం నన్ను చాలా రోజులు పట్టుకుంది. ఎందుకంటే ఉండాలి. మన ఆంధ్రలో ఎన్టీఆర్ ప్రభుత్వం 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకి కొడుకుతో సమానంగా వాటా ఇచ్చింది. అప్పటికే పెళ్ళయినవాళ్ళకి రాదు గాని, నాకు ఇంకా కాలేదు. తమిళనాడు 1989లో, మీ కర్ణాటక 1994లో, దేశమంతా 2005లో ఆ దారికి వచ్చాయి. చట్టం నా చేతికి అంత ముందే అందింది. నేనేం చేశాను? 1994లో మీ మామయ్య రమ్మంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్ళి నా వాటా వదులుకుంటూ సంతకం పెట్టి వచ్చాను. మీ అమ్మమ్మ పట్టుచీర పెట్టింది, నేను సంతోషంగానే కట్టుకున్నాను. మీ మామయ్య మీద నాకు కోపం లేదు, నువ్వూ పెట్టుకోకు. కానీ ఆ రెండెకరాలు నా పేరున ఉండి ఉంటే మేనేజరు అంత తొందరగా ఫైలు మూసేవాడు కాదు. ఆడవాళ్ళ వ్యాపారం ఎందుకు చిన్నగానే ఉండిపోతుందని అందరూ తెలివి గురించి, ధైర్యం గురించి మాట్లాడతారు. నా చుట్టూ ఆ రెండూ లేని ఆడదాన్ని నేను చూడలేదు. లేనిదల్లా కుదువ పెట్టడానికి తన పేరున ఒక కాగితం.

మీ అత్తని చూడు. ఊరు దాటి ఎరగదు. 1992 ప్రాంతంలో దూబగుంట ఆడవాళ్ళు సారా మీద లేచినప్పుడు మన నెల్లూరు జిల్లా అంతా అట్టుడికింది. ఆ వెనకే రోజుకో రూపాయి దాచుకునే పొదుపు లక్ష్మి సంఘాలు వచ్చాయి. అత్త అందులో చేరింది, తర్వాత డ్వాక్రా. గేదె కోసం అప్పు తీసుకుంది, తీర్చింది, మళ్ళీ తీసుకుంది. ప్రతి అప్పూ ఆమె పేరున. నేను 2012లో బ్యాంకు మెట్ల మీద కూర్చున్న రోజుకి, రెండు గేదెలున్న మీ అత్తకి ఇరవై ఏళ్ళ బ్యాంకు చరిత్ర ఉంది, మద్రాసులో లక్షల్లో సరుకు తిప్పిన నాకు ఒక్క రోజుది కూడా లేదు.

మీ బెంగళూరులోనే కిరణ్ మజుందార్ షా 1978లో ఓ అద్దె గ్యారేజీలో పది వేల రూపాయలతో బయోకాన్ పెట్టింది, ఇప్పుడది పెద్ద మందుల కంపెనీ. అంతకుముందు ఆస్ట్రేలియాలో బీరు తయారీ చదువుకుని వస్తే, ఆడమనిషని ఆ ఉద్యోగం ఇక్కడ ఎవరూ ఇవ్వలేదు. అప్పుకి వెళ్తే బ్యాంకులూ వెనకాడాయి. ఫాల్గుణి నాయర్ ఆన్‌లైన్‌లో సౌందర్య సాధనాలు అమ్మే నైకా మొదలుపెట్టింది 2012లో, యాభైకి దగ్గరపడ్డాక. నేను చెక్కులు పట్టుకుని తిరుగుతున్న ఏడే అది. 2021లో కంపెనీ షేర్ మార్కెట్‌కి వచ్చింది. వాళ్ళ ఎత్తు వేరు, చదువు వేరు, నాకు తెలుసు. నేను వాళ్ళలో చూసేది మాత్రం ఒకటే, అప్పైనా నష్టమైనా పేరైనా తమదే అనగలగడం.

ఇంకో సంగతి. ఆర్థిక గణన వాళ్ళు మన పట్టరవాక్కం షెడ్డుకి వచ్చినప్పుడు, పలక పట్టుకున్న అమ్మాయి "ఓనర్ ఎవరు?" అంది. "నేనే" అన్నాను. తల ఎత్తకుండానే రాసుకుని వెళ్ళిపోయింది. ఆ పిల్లకది వందో గడప అయ్యుంటుంది. నాకు మాత్రం ఒళ్ళు జలదరించింది. తర్వాత పేపర్లో ఆ లెక్కలు వచ్చాయి. 2013–14లో దేశంలో ఉన్న 5.85 కోట్ల సంస్థల్లో ఆడవాళ్ళవి 80 లక్షల చిల్లర, నూటికి 14 కూడా కాదు. రాష్ట్రాల వారీగా చూస్తే వాటిలో అన్నిటికన్నా ఎక్కువ మన తమిళనాడులోనే. దాదాపు 79 శాతం బయటి అప్పు లేకుండా సొంత డబ్బుతో నడిచేవే. ఆ 80 లక్షల్లో నేనొకదాన్ని. మీ నాన్న బతికుంటే నేను ఆ లెక్కలో ఉండేదాన్ని కాదు. ఈ మాట రాయడానికి నా చెయ్యి వణుకుతోంది, కానీ నిజం.

ఇప్పుడు చాలా మారింది, ఒప్పుకుంటాను. తిరుముల్లైవాయల్‌లో సిడ్కో వాళ్ళు, అదే చిన్న పరిశ్రమల ప్రభుత్వ సంస్థ, ఆడవాళ్ళకనే కట్టిన పారిశ్రామిక ఎస్టేట్‌కి వెళ్తే, నీ వయసు పిల్లలు లేత్ మిషన్ల మధ్య నిలబడి డెలివరీల గురించి పోట్లాడుతుంటారు. చూస్తుంటే కడుపు నిండుతుంది. అక్కడక్కడా తిరకాసు కూడా ఉంది. ప్రభుత్వ కొనుగోళ్ళలో 3 శాతం ఆడవాళ్ళ చిన్న పరిశ్రమల నుంచి కొనాలని పెట్టాక, భార్య పేరున రిజిస్టర్ చేసి తామే నడిపేవాళ్ళూ ఉన్నారు. పేరు ఆమెది, చెక్ బుక్ ఆయన జేబులో. అదీ వద్దు నీకు. పేరూ, పనీ, చెక్ బుక్కూ ఒకే చేతిలో ఉండాలి.

కాబట్టి ఇలా చెయ్యి. కంపెనీ నీ పేరున పెట్టు. అల్లుడుగారు కూడా పెట్టుబడి పెడతామంటే భాగస్వామ్యం రాసుకోండి, ఎవరికెంతో అంకెల్లో ఉండాలి. అప్పు నీ పేరున తీసుకో, కావాలంటే ఆయన్ని గ్యారంటీ సంతకం పెట్టమను. వడ్డీ కాస్త ఎక్కువైనా, లోన్ రెండు నెలలు ఆలస్యమైనా ఫరవాలేదు, అప్పు తీసుకుని తీరిస్తేనే నీకూ స్కోరు వస్తుంది. చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకునే ఉద్యం రిజిస్ట్రేషన్‌కి పైసా ఖర్చు లేదు, ఆధార్, పాన్ చాలు. మధ్యలో ఎవడైనా ఫీజు అడిగితే ఇవ్వకు. అది ఉంటే, నీ సరుకు కొన్నవాడు 45 రోజుల్లో డబ్బు ఇవ్వాలని చట్టం. వసూలుకి నువ్వే వెళ్ళు. "సార్‌ని పంపండి" అంటారు, నాకు ఇప్పటికీ అంటారు. కదలకుండా కుర్చీలో కూర్చో. నేను ఒక షాపులో మధ్యాహ్నం నుంచి షట్టర్ దించేదాకా కూర్చున్నాను, ఇచ్చారు. నామినీ పేరు మొదటి రోజే రాయి.

ఇవన్నీ అల్లుడుగారికి చదివి వినిపించు. ఆయన నొచ్చుకుంటారేమోనని ఒక పక్క టెన్షన్‌గానే ఉంది. కానీ ఆయనకి నువ్వంటే ఎంత ప్రాణమో నాకు తెలుసు. మీ నాన్నకి కూడా ఆ రోజు ఎవరైనా ఇలా చెప్పి ఉంటే, ఫారం మీద నా పేరే రాసేవారు.

నీ లడ్డూల పెట్టెకి డై, అంటే అట్ట కోసే అచ్చు, చేయించాను. పావుకిలోది, పైన చిన్న కిటికీ, లోపల బటర్ పేపర్. అట్ట నేనే ఏరాను, 300 జీఎస్ఎమ్. నూరు శాంపిల్స్ మడిచి ఉంచాను, వచ్చే శనివారం బృందావన్ ఎక్స్‌ప్రెస్‌లో తెస్తాను, స్టేషన్‌కి రా. తయారుచేసినవాళ్ళ పేరు, చిరునామా పెట్టె మీద ఉండాలి కదా, ఆ చోటు ఖాళీగా వదిలాను. ప్రింటింగ్ వాళ్ళు బుధవారం లోపల ప్రూఫ్ అడుగుతున్నారు. ఏ పేరు వేయమంటావో మంగళవారం రాత్రిలోగా ఫోన్ చెయ్యి.

అమ్మ