పాత బ్యాండ్ సా యంత్రానికి ప్రాణం పోసిన అన్నగారికి

పేరు రాయొద్దన్నారు, రాయడం లేదు. కానీ నలుగురిలో చెప్పకుండా మాత్రం ఉండలేను, అన్నగారూ.

నేను కొన్న పాత బ్యాండ్ సాను (చక్రాల మీద తిరిగే పట్టీ రంపంతో చెక్క కోసే యంత్రం) చూసి తుక్కు అన్నవాళ్లే ఎక్కువ. మీరు ముందు ప్లగ్గు తీయించి, పై చక్రాన్ని చేత్తో తిప్పుతూ చెవి పెట్టి విన్నారు. ఆ గరగర బేరింగులదేననీ, పోత ఇనుప బాడీలో పగుళ్లేమీ లేవనీ తేల్చారు. పాత బేరింగు మీద 6203 అని చదివి, లోపలి వ్యాసం 17 మిల్లీమీటర్లు, బయటిది 40, మందం 12 అని చూడకుండానే చెప్పారు. రంపపు పొట్టు లోపలికి పోకుండా రెండు వైపులా రబ్బరు సీలు ఉన్నవే తెమ్మన్నారు. బిగించేటప్పుడు మీరు పట్టించిన మెలకువ అందరికీ పనికొస్తుంది: షాఫ్టు మీదికి ఎక్కించేటప్పుడు ఒత్తిడి లోపలి రింగు మీదే పడాలి. బయటి రింగు మీద కొడితే ఆ దెబ్బ గోళీల గుండా పోయి, అవి దొర్లే గాడిలో గుంటలు పడతాయి. అంత ఓపికగా చెప్పేవాళ్లు అరుదు.

చక్రాల అంచు చుట్టూ ఉండే టైర్లు మార్చాం, బెల్టు మార్చాం. టేబుల్ తుప్పును కిరోసిన్‌తో రుద్ది మైనం పట్టించాం. సిలికాన్ ఉన్న పాలిష్ చెక్కకు అంటితే వార్నిష్ సరిగ్గా పట్టదని ఆపింది మీరే.

ఇప్పుడు మందపాటి చెక్కను పలుచని పలకలుగా, వంకర లేకుండా కోస్తోంది. మీ షెడ్డులో ఎప్పుడు బరువు ఎత్తాల్సి వచ్చినా కబురు చేయండి, వచ్చి చెయ్యి వేస్తాను. మనసారా కృతజ్ఞతలు.