మన రూపాయిగా మారిన అమెరికా డాలరు

ఒరేయ్ శేషూ,

నువ్వు పంపిన ఫొటోలు రాత్రే చూశాను. మీ పెద్దమామయ్య ట్రంకుపెట్టెలోంచి ఇన్ని అమెరికా నాణేలు బయటపడ్డాయంటే నాకు నిద్ర పడితే ఒట్టు! "ఎంత వస్తుందిరా?" అని ఒక్క ముక్కలో అడిగేశావు గానీ, ఇది ఒక్క ముక్కలో తేలేది కాదు. తీరిగ్గా చదువు.

అన్నిటికన్నా ముందు, నల్లగా ఉన్నాయని అమ్మ చింతపండో విభూతో పెట్టి తోముతానంటే వద్దని చెప్పు. తోమినట్టు తెలిసిందంటే సేకరించేవాళ్ళు ధర బాగా తగ్గించేస్తారు. ఆ నలుపు అలాగే ఉండనీ.

ఇక క్వార్టర్ల సంగతి, అంటే పావు డాలరు నాణేలు. బొమ్మా బొరుసూ తర్వాత, ముందు అంచు చూడు. అంచు చుట్టూ ఎర్రటి రాగి చార కనిపిస్తే అది 1965దో ఆ తర్వాతదో. మధ్యలో రాగి, పైనా కిందా రాగి-నికెల్ రేకు, బరువు 5.67 గ్రాములు. అంచంతా తెల్లగా ఉండి, మీద 1964 గానీ అంతకు ముందు సంవత్సరం గానీ ఉంటే 90% వెండి, 10% రాగి. బరువు 6.25 గ్రాములు, అందులో వెండే 5.6 గ్రాములు. వెండి ధర పెరిగిపోయి, నాణేన్ని కరిగిస్తేనే లాభం అనే పరిస్థితి వస్తుండటంతో 1965లో చట్టం చేసి డైములోంచి (పది సెంట్ల నాణెం), క్వార్టరులోంచి వెండి తీసేశారు. అర డాలరులో మాత్రం 1970 దాకా 40% ఉంచారు. పాతవి కాబట్టి లక్షలు పలుకుతాయని ఆశపడకు. అరిగిన 1964 క్వార్టరుకి అమ్మే రోజున ఉన్న వెండి రేటే వస్తుంది.

ఒక్క సెంటు నాణేల్లో 1943 నాటిది వెతుకు. యుద్ధానికి రాగి కావాలని ఆ ఏడు ఉక్కు మీద జింకు పూత వేసి కొట్టారు. అయస్కాంతానికి అంటుకుంటే మామూలుదే, పెద్ద ధరేం ఉండదు. పొరపాటున పాత కంచు బిళ్ళల మీద అచ్చు పడినవి కొన్నే కొన్ని ఉన్నాయి. అవి లక్షల డాలర్లు పలుకుతాయి. అందుకే వాటికి నకిలీలూ ఎక్కువే.

అసలు నా ప్రాణం లాగేసింది ఆ రెండు పెద్ద డాలర్లు. వాటిని మోర్గాన్ డాలర్లంటారు, 26.73 గ్రాములు, అదీ 90% వెండే. వాటికీ మనకీ ఉన్న సంబంధం తెలుసా? మొదటి ప్రపంచ యుద్ధంలో మన దేశంలో వెండికి విపరీతమైన కరువొచ్చింది. కాగితం నోటు మీద నమ్మకం తగ్గి, జనం నోట్లు తెచ్చి వెండి రూపాయలు ఇమ్మని ఎగబడ్డారు. 1917లో ఒక రూపాయి నోటు, 1918లో రెండున్నర రూపాయల నోటు తెచ్చినా సరిపోలేదు. అప్పుడు బ్రిటన్ అమెరికా తలుపు తట్టింది. 1918 ఏప్రిల్‌లో అక్కడ పిట్‌మన్ చట్టం వచ్చింది. ఖజానాలో మూలుగుతున్న వెండి డాలర్లు 27 కోట్లకు పైగా కరిగించేశారు! అప్పటిదాకా కొట్టిన వాటిలో ఇంచుమించు సగం. అందులో దాదాపు 26 కోట్ల డాలర్ల వెండి బ్రిటన్ కొని ఇండియాకి పంపితే, ఇక్కడ ఐదో జార్జి రూపాయలుగా అచ్చయింది. మన పాత రూపాయి తులం బరువు, వెండి 10.69 గ్రాములు. అంటే ఒక్కో డాలరు వెండితో రెండుంపావు రూపాయలు. మీ నాయనమ్మ దాచుకున్న రాజు బొమ్మ రూపాయల్లో 1918, 1919 నాటివి ఉంటే, వాటిలో అమెరికా వెండి కలిసి ఉండొచ్చురా! నాకైతే ఇంతకంటే గొప్ప కథ ఏ నాణేనికీ లేదనిపిస్తుంది.

ఆ కరిగించినప్పుడు ఏ సంవత్సరంవి ఎన్ని పోయాయో లెక్క రాసుకోలేదు. కాబట్టి టంకశాల లెక్క చూసి ఇన్ని మిగిలాయని చెప్పలేం. పోయిన వెండిని మళ్ళీ భర్తీ చేయాలని చట్టంలోనే ఉంది కనుక 1921లో ఎనిమిదిన్నర కోట్లకు పైగా మోర్గాన్లు కొట్టారు. నీ రెండో డాలరు ఆ 1921దే. దొరకనిదేం కాదు, వెండి ధర మీద కాస్త ఎక్కువ వస్తుంది.

మొదటి దాని మీద మాత్రం 1889 అని కనిపిస్తోంది. ఫొటో మసకగా ఉంది. ఆ ఏడు ఫిలడెల్ఫియాలో 2 కోట్ల 17 లక్షలు కొడితే, నెవాడాలోని కార్సన్ సిటీలో కొట్టినవి మూడున్నర లక్షలే. గద్ద ఉన్న వైపు, దండ ముడి కింద చూడు. ఏ అక్షరమూ లేకపోతే ఫిలడెల్ఫియాది, మామూలు ధర. సన్నగా రెండు ఇంగ్లీషు 'సీ' (C) అక్షరాలు పక్కపక్కన ఉంటే అది కార్సన్ సిటీది, కదలకుండా కూర్చుని నాకు ఫోన్ చెయ్యి. అరిగిపోయిన దానికి కూడా మంచి ధర ఉంది. అక్షరాలు అతికించిన నకిలీలు తిరుగుతుంటాయి కాబట్టి, నిపుణుల చేత పరీక్ష చేయించి, ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేయించందే అమ్మొద్దు.

రేపు పగటి వెలుగులో, ఫ్లాష్ లేకుండా, రెండువైపులా అంచుతో సహా ఫొటోలు తీసి పంపు. అంచులు పట్టుకునే తియ్యి, ముఖం మీద వేలు పెట్టకు. పీవీసీ కవర్లలో పెడితే పచ్చగా జిడ్డు పడుతుంది, మెత్తటి కాగితంలో చుట్టిపెట్టు. వంటగదిలో తూకం యంత్రం ఉంటే డాలరు బరువు కూడా రాసి పంపు.

చెల్లాయిని, పిల్లల్ని అడిగానని చెప్పు.

నీ
మూర్తి