మంత్రి గారూ, బయోగ్యాస్‌ని శుభ్రం చేసే ఖర్చును కూడా ప్లాంటు ఖర్చులోనే కలపండి

గౌరవనీయులైన ఇంధన శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను బయోగ్యాస్‌తో నడిచే జనరేటర్లు రిపేరు చేసే మెకానిక్‌ని. ఈమధ్య ఒక ప్లాంటులో ఇంజిన్ విప్పాను. ఆయిల్ మార్చి ఎన్నో రోజులు కాలేదట, అయినా తారులా నల్లబడి చిక్కబడిపోయింది. బేరింగులు గుంటలు పడిపోయాయి. కంట్రోల్ ప్యానెల్ తలుపు తీస్తే లోపల రాగి తీగలు బొగ్గులా ఉన్నాయి, వేలు తగిలితే చాలు నల్లటి పొడి రాలుతోంది. ఇంజిన్ మంచిది కాదని అక్కడివాళ్లు బాధపడ్డారు. కానీ ఇంజిన్ బాగానే ఉంది, అందులోకి వెళ్లిన గ్యాసే బాగోలేదు.

డైజెస్టర్ (వ్యర్థాలు కుళ్లి గ్యాస్ పుట్టే మూసిన తొట్టి) నుంచి వచ్చే గ్యాస్‌లో మండే వాయువైన మీథేన్ సుమారు 50 నుంచి 70 శాతం ఉంటుంది. మిగతాది చాలావరకు కార్బన్ డయాక్సైడ్, దాంతోపాటు తేమ. వీటి మధ్య కొద్దిపాటి హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా ఉంటుంది. కుళ్లిన గుడ్డు వాసన దానిదే. అది మండితే సల్ఫర్ డయాక్సైడ్ అవుతుంది, తేమతో కలిస్తే యాసిడ్ అవుతుంది. ఆ యాసిడే ఆయిల్‌లో చేరి లోహాన్ని తినేస్తుంది. చాలా ఇంజిన్లకు గ్యాస్‌లో హైడ్రోజన్ సల్ఫైడ్ కొన్ని వందల పీపీఎం (పది లక్షల భాగాల్లో ఎన్ని భాగాలన్న లెక్క) దాటకూడదు. సల్ఫర్, మాంసకృత్తులు ఎక్కువున్న వ్యర్థాలు వేసిన చోట వేలల్లోకి కూడా వెళ్తుంది. మురుగునీటి ప్లాంట్ల గ్యాస్‌తో ఇంకో బాధ ఉంది. షాంపూలు, క్రీముల నుంచి వచ్చే సిలాక్సేన్లు (సిలికాన్ ఉన్న రసాయనాలు) ఇంజిన్‌లో కాలి, పిస్టన్ మీద తెల్లటి పొరలా పేరుకుంటాయి. గోటితో గీకితే రాదు, అది దాదాపు గాజే.

ఇక మనుషుల సంగతి. హైడ్రోజన్ సల్ఫైడ్ గాలికన్నా బరువు, గుంటల్లో, గొయ్యిల్లో నిలిచిపోతుంది. 100 పీపీఎం దాటితే కొద్ది నిమిషాల్లోనే ముక్కు మొద్దుబారి, వాసన తెలియకుండా పోతుంది. వాసన పోయింది కదా, గ్యాస్ కూడా పోయిందనుకుని లోపలికి దిగుతారు. 500 దాటితే మనిషి కుప్పకూలిపోవచ్చు, వెయ్యి దగ్గర రెండు మూడు శ్వాసలకే ప్రాణం పోవచ్చు. పడిపోయినవాణ్ని కాపాడాలని వెంటనే దిగే రెండో మనిషి గురించే నాకు ఎక్కువ భయం.

దీనికి మందు లేక కాదు. ఐరన్ ఆక్సైడ్ నింపిన డబ్బా గుండా గ్యాస్ పంపితే హైడ్రోజన్ సల్ఫైడ్‌లోని సల్ఫర్ అక్కడే ఆగిపోతుంది. డైజెస్టర్ పైభాగంలోకి గ్యాస్ పరిమాణంలో 2 నుంచి 6 శాతం గాలి వదిలితే, బ్యాక్టీరియానే హైడ్రోజన్ సల్ఫైడ్‌ని పసుప్పచ్చటి గంధకంగా మార్చేస్తుంది. ఈ పద్ధతి చవక. కానీ గాలి ఎక్కువైతే పేలుడు ప్రమాదం, పైగా అందులోని నైట్రోజన్ గ్యాస్‌లోనే మిగిలిపోతుంది కాబట్టి వాహనాలకు వాడే గ్యాస్‌కి పనికిరాదు. ఏ పద్ధతి పెట్టినా రోజూ చూసుకునే మనిషి కావాలి. వాడేసిన ఐరన్ ఆక్సైడ్‌ని తడపకుండా బయట కుప్ప పోస్తే గాలి తగిలి వేడెక్కి, దానంతటదే అంటుకోగలదు. ఆ సంగతి తెలియకుండానే డబ్బా మూత తీసేవాళ్లను చూశాను.

అందుకే మీకు నా విన్నపం. ప్లాంటుకు మీ శాఖ డబ్బు మంజూరు చేసేటప్పుడు శుద్ధి యంత్రం ఖర్చును, దాని మెటీరియల్ మార్చే ఖర్చును కూడా అందులోనే కలపండి. నేను చూసిన చాలా చోట్ల దాన్ని ‘తర్వాత చూద్దాం’ అని వదిలేశారు. అలాగని అందరికీ ఒకే స్థాయి శుద్ధి అక్కర్లేదు. పొయ్యికి సల్ఫర్, నీళ్లు తీసేస్తే చాలు. కార్బన్ డయాక్సైడ్ కూడా తీసి మీథేన్‌ని 95 శాతం దాకా తేవాల్సింది వాహనాలకు, పైపులైన్లకు. అక్కడ మాత్రం తీసేసిన కార్బన్ డయాక్సైడ్‌తో పాటు ఎంత మీథేన్ గాల్లోకి పోతోందో కొలిపించండి. వందేళ్ల లెక్కన వాతావరణాన్ని వేడెక్కించడంలో మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కన్నా 25 రెట్లకు పైగా బలమైనది. అది లీకవుతుంటే మనం పడ్డ శ్రమ ఏమైనట్టు?

ఒక్క రోజు రీడింగ్ చూసి సర్టిఫికెట్ ఇవ్వకండి. వేసే వ్యర్థం మారితే గ్యాస్ కూడా మారిపోతుంది. ప్రతి ప్లాంటులో గ్యాస్‌లో ఏది ఎంతుందో చూపే మీటరు ఉండాలి, దాన్ని చూసి రాసే రిజిస్టరు ఉండాలి. పనిచేసే ప్రతి ఒక్కరి జేబుకి గ్యాస్ అలారం ఉండాలి.

నేను ఇంజిన్ విప్పిన ఆ ప్లాంటుకు కొత్త ఇంజిన్ వస్తోంది. ముందు సల్ఫర్ తీసే ఏర్పాటు చేయమన్నాను. మంజూరైన లెక్కలో దానికి పైసా లేదన్నారు. ఆ ఇంజిన్ బిగించేలోపు మీ శాఖ నుంచి ఒక ఉత్తర్వు వస్తుందని ఎదురుచూస్తున్నాను.

ఇట్లు,
ఒక బయోగ్యాస్ ఇంజిన్ మెకానిక్